సగం చేలో మంద

అనగనగా ఒక అడవి. అడవి అన్నాక పులి ఉండాలి కదా అంటారు మీరు. ఉండేదట. కానీ ఈ కథలో దానికి పని లేదు, పడుకోనివ్వండి. ఈ కథ ఒక ముళ్లపందిది, ఒక జొన్న చేనిది.

ముళ్లపంది పేరు ఈరమ్మ. ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు ఒక వానాకాలంలో కొండచరియ విరిగిపడి పోయాడు. అప్పటి నుంచి ఇల్లూ పొలమూ ఆమే చూసుకుంటోంది. భయం వేసినా, కోపం వచ్చినా ఆమె ఒంటి మీది ముళ్లు గలగలమనేవి. అందుకని ఈరమ్మ మనసులో మాట దాచుకోలేదన్నది ఆ అడవిలో ఎవరికీ తెలియని విషయం కాదు.

ఆ అడవిలో అందరికీ నేల లేదు. ఎందుకు లేదని నన్నడక్కండి, మన ఊళ్లో మాత్రం అందరికీ ఉందా? నేల లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర కౌలుకి తీసుకునేవాళ్లు. కౌలు అంటే ఏమిటో చెబుతాను వినండి. చేను ఒకరిది, చెమట ఇంకొకరిది. పండినా ఎండినా చేనుగల కామందుకి ఇవ్వాల్సింది ఇచ్చెయ్యాలి. ఆ మిగిలింది తిని బతకాలి.

ఈరమ్మ చేసే చేను అడవిదున్న భూషయ్యది. కౌలు ఏడాదికి పది గంపల జొన్నలు. భూషయ్యకి పెద్ద కొమ్ములు, పెద్ద మూపు, ఇంకా పెద్ద గొంతు. అంతమాత్రాన చెడ్డవాడనుకోకండి. పేదలను పట్టి పీడించే రకం కాదు. కానీ ఆయనకో అలవాటు ఉంది. ఏది అడిగినా "చూద్దాంలే" అనేవాడు. ఔననడు, కాదనడు. ఔనంటే మాటకి కట్టుబడాలి, కాదంటే ఎదుటివాడు బాధపడతాడు. "చూద్దాంలే" అంటే రెండూ తప్పుతాయి. సుఖంగా ఉంటుంది, అనేవాడికి.

ఆ అడవిలో కౌలు మాట ఉగాది నాడే చెప్పాలి. అది వాళ్ల తాతల నాటి ఆచారం. ఉగాది పచ్చడి తిన్నాక కామందులు అరుగుల మీద కూర్చునేవాళ్లు. కౌలుదార్లు ఎదురుగా నిలబడేవాళ్లు. "ఈ ఏడు నువ్వే చేసుకో" అంటే చేను దక్కినట్టు. అనకపోతే పోయినట్టు. అది కూడా ఒక్క ఏడాదికే. మళ్లీ ఉగాదికి మళ్లీ నిలబడాలి.

మొదటి ఏడు ఈరమ్మ చేను దున్ని జొన్న వేసింది. పైరు మోకాలెత్తు వచ్చింది. అప్పుడు పునుగుపిల్లి సుందరం గంప నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కొండ మీద గబ్బిలాల గుహ ఒకటుంది. ఆ గుహలోని పెంట ఎత్తి, ఎండబెట్టి, పొడి చేసి అమ్మడం సుందరం పని. ముక్కు మూసుకోకండి, మీరు తినే అన్నానికి బలం అక్కణ్నుంచే వస్తుంది. ఆ పొడి చల్లి, దాని మీద సన్నటి వాన పడిందంటే, వారం తిరిగేసరికి పైరు నల్లగా కమ్ముకొస్తుంది.

"అక్కా, మబ్బు పట్టింది. ఇప్పుడు చల్లితే నీ పంటకి తిరుగుండదు" అన్నాడు సుందరం.

ఈరమ్మ చిలగడదుంపలు ఇచ్చి మూడు గంపల పొడి తీసుకుంది. మొత్తం ఒకేసారి చల్లింది. ఆ సాయంత్రమే తుంపర పడింది. పంట విరగపండింది. ఇరవై అయిదు గంపలు వచ్చాయి. భూషయ్యకి పది కొలిచి ఇచ్చాక కూడా పిల్లలు ఏడాదంతా కడుపునిండా తిన్నారు. వ్యవసాయం అంటే ఇంతేనా అనుకుంది ఈరమ్మ. పాపం, అలా అనుకున్నవాళ్లను వాన ఊరికే వదలదు.

రెండో ఏడు మళ్లీ మబ్బు పట్టింది. మళ్లీ సుందరం వచ్చాడు. ఈరమ్మ మళ్లీ మూడు గంపలూ ఒకేసారి చల్లింది. ఈసారి తుంపర కాదు, కుండపోత. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. చల్లిందంతా నీళ్లతో పాటు కొట్టుకుపోయి వాగులో కలిసింది. ఆ ఏడు వాగు పక్క గడ్డి మాత్రం భలే పెరిగిందట. పంట పద్దెనిమిది గంపలకి దిగింది.

మూడో ఏడు ఈరమ్మ జాగ్రత్త పడింది. పొడి కొని పెట్టుకుంది గానీ చల్లలేదు. "ఈ మబ్బుని నమ్మను. పెద్ద వాన పోయాక చల్లుతాను" అనుకుంది. పెద్ద వాన రాలేదు. చిన్న వానా రాలేదు. సుందరం రోజూ వచ్చి ఆకాశం చూపించి "ఇదుగో అక్కా, ఇవాళ ఖాయం" అనేవాడు. వాడిదీ తప్పు కాదు. అమ్మేవాడికి ప్రతి మబ్బూ వాన మబ్బే. చివరికి వాన వచ్చేసరికి జొన్న కంకి వేసేసింది. కంకి వేశాక ఎరువు చల్లితే ఏం లాభం? పెళ్లయ్యాక వాయించిన మేళం లాంటిది. ఆ ఏడు పదహారు గంపలు. భూషయ్యవి పోగా ఇంట్లో మిగిలినవి ఆరు.

చల్లితే తప్పు. చల్లకపోతే తప్పు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈరమ్మ గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది.

గట్టుకి అవతల తాబేలు కూర్మయ్య చేను. అది ఆయన సొంతం. నేల అదే నేల, వాన అదే వాన. కానీ కూర్మయ్యకి ఏ ఏడూ ఇరవై రెండు గంపలకి తగ్గలేదు. ఈరమ్మ ఆయన్ని బాబాయ్ అని పిలిచేది.

"బాబాయ్, నువ్వేం చల్లుతున్నావో నాకూ చెప్పరాదా?"

"నేనేం చల్లను అమ్మాయ్. నాకు కాళ్లు సాగవు, మబ్బు పట్టినప్పుడల్లా పొడి పట్టుకుని పరిగెత్తలేను. మంద కట్టిస్తాను, అంతే."

మంద కట్టడమంటే ఏమిటంటారా? పంట కోసేశాక, ఎండలు ముదరకముందు, ఫాల్గుణ మాసంలో కొండగొర్రెల మంద ఆ దారిన వచ్చేది. ఎవరి చేలో కడితే ఆ చేలో గొర్రెలన్నీ రాత్రిళ్లు పడుకునేవి. తెల్లారేసరికి చేనంతా పెంటా, ఉచ్చా. దాన్ని దున్ని నేలలో కలిపేస్తే చేను మెత్తబడుతుంది. నీళ్లు పట్టి ఉంచుతుంది. ఆ బలం వానకి కొట్టుకుపోదు, ఎండకి మాడిపోదు. ఒకసారి మంద కడితే మూడేళ్లు పనిచేస్తుంది. అందుకు గొర్రెలకి రెండు రాత్రులకి ఒక గంప జొన్నలు ఇవ్వాలి. ఈరమ్మ చేను మొత్తానికి ఎనిమిది రాత్రులు పడుతుంది. అంటే నాలుగు గంపలు.

"నీకేం బాబాయ్, నీది సొంత చేను" అంది ఈరమ్మ. "మంద వచ్చేది ఫాల్గుణంలో. నాకు కౌలు మాట చెప్పేది ఉగాదికి. మంద ముందొస్తుంది, మాట తర్వాతొస్తుంది. నేను మంద కట్టించాక ఆ చేను ఇంకొకరికి పోతే? అద్దింటికి సున్నం ఎవరేయిస్తారు చెప్పు."

కూర్మయ్య తల కాసేపు డిప్పలోకి లాక్కుని మళ్లీ బయటపెట్టాడు.

"భూషయ్యని ముందే అడిగి చూడు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అడవిపంది గోవిందు ఆ చేని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. గోవిందు కూడా కౌలుదారే. ఏడాదికో చేను మారుస్తాడు. ముట్టెతో మట్టి వాసన చూసి, బలం ఎంతుందో చెప్పగలడు. "అయ్యగారూ, ఆ చేను నాకిస్తే పన్నెండు గంపలిస్తాను" అని భూషయ్యతో అన్నాడని ఈరమ్మ చెవిన పడింది. ఆ మాట విన్న రోజు ఆమె ఒంటి మీద ముళ్లు ఎంతసేపటికీ నిమ్మళించలేదు. ఆ చేను పోతే పిల్లల్ని ఏం పెట్టి సాకాలి? అడవిలో ఖాళీగా ఉన్న చేను ఇంకొకటి లేదు.

ఫాల్గుణం వచ్చింది. మంద వచ్చింది. ముందు పొట్టేలు బీరయ్య, వెనక నూట యాభై గొర్రెలు. బీరయ్యకి తన మంద అంటే మహా గొప్ప. తాము నడిచిన దారిలో రాళ్లు కూడా మొలకెత్తుతాయని చెప్పుకునేవాడు.

"ఏం ఈరమ్మా, మూడేళ్లుగా మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంటున్నావు. ఈ ఏడైనా పిలుస్తావా? రేపు చెప్పు. ఎల్లుండి మేం కదిలిపోతాం" అన్నాడు బీరయ్య.

ఈరమ్మ పరుగు పరుగున భూషయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన ఎండలో పడుకుని నెమరేస్తున్నాడు.

"అయ్యా, మంద వచ్చింది. చేనికి కట్టిద్దామనుకుంటున్నాను. వచ్చే ఏడు కూడా చేను నాకే ఉంచుతారా?"

"చూద్దాంలే ఈరమ్మా."

"అది కాదయ్యా, మంద ఎల్లుండి వెళ్లిపోతుంది. మీరు మాటిస్తే..."

"ఉగాదికి చెప్పేది ఇప్పుడు చెబుతామా? మా నాన్న చెప్పాడా, మా తాత చెప్పాడా? నేనేమైనా ఇవ్వనన్నానా? చూద్దాంలే."

ఈరమ్మ తిరిగొచ్చి ఇంటి ముందు కూర్చుంది. లోపల ఆరు గంపల జొన్నలున్నాయి. అవి మళ్లీ పంట వచ్చేదాకా పిల్లల తిండి. నాలుగు గంపలు మందకిస్తే రెండే మిగులుతాయి. అడవి దుంపలు తవ్వుకుని ఎలాగో గడపొచ్చు. కానీ ఇంత చేశాక చేను గోవిందుకి పోతే, తన పిల్లలు పస్తులుండి గోవిందుకి పంట పండించినట్టవుతుంది. పోనీ మంద కట్టించకపోతే? నేల రాయిలా గట్టిపడుతోంది. ఇంకో రెండేళ్లకి పది గంపల కౌలు కూడా పండదు. అప్పుడు భూషయ్యే పొమ్మంటాడు.

పొద్దుగుంకే వేళకి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. బీరయ్య దగ్గరికి వెళ్లింది.

"నాలుగు రాత్రులు పడుకోండి. తూర్పు సగంలోనే. పడమటి సగంలో అడుగు పెట్టొద్దు" అంది.

బీరయ్య పకపకా నవ్వాడు. "సగం చేలో మందా? సగం తలే దువ్వుకున్నట్టు. నా బతుకులో ఇలాంటిది చూళ్లేదు."

"నా బతుకు నీకు తెలియదులే" అంది ఈరమ్మ, రెండు గంపల జొన్నలు అతని ముందు పెట్టి.

పోతే సగమే పోతుంది. దక్కితే సగమైనా దక్కుతుంది. ఆమె లెక్క అది. తెలివైన లెక్కో పిరికి లెక్కో మీరే చెప్పండి. నాకైతే ఆమె చోట ఉంటే అంతకంటే మంచి లెక్క తోచేది కాదు.

ఉగాది వచ్చింది. భూషయ్య అరుగు ముందు ఈరమ్మ నిలబడింది. పక్కనే గోవిందు కూడా నిలబడ్డాడు. భూషయ్య ఇద్దర్నీ చూశాడు. పిల్లల తల్లిని పండగ పూట పొమ్మనడానికి ఆయనకి నోరు రాలేదు.

"ఈ ఏడు నువ్వే చేసుకో ఈరమ్మా. పై ఏటికి గోవిందు సంగతి చూద్దాంలే" అన్నాడు.

వాన పడింది. ఈరమ్మ జొన్న వేసింది. తూర్పు సగానికి మంద బలం ఉంది కాబట్టి ఇంకేమీ చల్లలేదు. పడమటి సగానికి సుందరం దగ్గర పొడి కొంది. ఈసారి మూడు భాగాలు చేసింది. ఒక భాగం మబ్బు చూసి చల్లింది. మిగతావి దాచింది. అంత జాగ్రత్త పడింది.

ఆ మబ్బు తేలిపోయింది. ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు చుక్క రాలలేదు.

నీళ్లు లేని నేల మీద గబ్బిలాల పొడి నిప్పు. పడమటి సగంలో ఆకుల అంచులు మాడాయి, తర్వాత ఆకులే మాడాయి. మొక్కలు గిడసబారి మోకాలి దగ్గరే నిలిచిపోయాయి. తూర్పు సగంలో పైరు మిట్టమధ్యాహ్నం తల వాల్చినా, సాయంత్రానికి మళ్లీ లేచేది. ఆలస్యంగా ఒక వాన పడేసరికి తూర్పు సగం ఏనుగెత్తు పెరిగి కంకులు వేసింది. పడమటి సగం అక్కడే ఉండిపోయింది. చేని మధ్యలో తాడు పట్టి గీత గీసినట్టు, ఇటు పచ్చ, అటు పసుపు.

దారిన పోయేవాళ్లందరూ ఆగి చూడసాగారు. కుందేళ్లు నవ్వాయి. నెమళ్లు మెడ తిప్పి మరీ చూశాయి. "భూషయ్యగారి చేనికి ఒక పక్క పక్షవాతం వచ్చిందట" అని ఎవరో అన్నారు. ఆ మాట భూషయ్య దాకా వెళ్లింది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. గిట్టలు నేలకి కొడుతూ వచ్చి చేను చూశాడు. తూర్పు సగంలో మట్టిలో కలవగా మిగిలిన గొర్రె పెంట కనిపించింది. పడమటి సగంలో కనిపించలేదు. విషయం అర్థమైంది. వెంటనే రచ్చ పిలిపించాడు.

రచ్చ చేని దగ్గరే జరిగింది. రచ్చపెద్ద ముసలి ఏనుగు సింహాద్రమ్మ. ఆమెని చిన్నాపెద్దా అందరూ అవ్వా అనే పిలిచేవాళ్లు. చెట్టు నీడలో నిలబడి చెవులు ఊపుకుంటూ వినేది. అందరూ వచ్చారు. గోవిందు ముందు వరసలో కూర్చున్నాడు. కూర్మయ్య పొద్దున్నే బయల్దేరి, రచ్చ మొదలయ్యే వేళకి సరిగ్గా చేరాడు. ఆయన చేను పక్కనే కాబట్టి సరిపోయింది.

"చూడండి అందరూ" అన్నాడు భూషయ్య. "ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి అన్నం పెట్టి, ఇంకొకరి కడుపు మాడ్చినట్టు చేసింది. ఇటు మంద కట్టించింది. అటు కావాలని ఎండగట్టింది. నా నేల పరువు తీసింది. ఇలాంటిదానికి చేను ఎలా ఇవ్వమంటారు? గోవిందు పన్నెండు గంపలిస్తానంటున్నాడు. పై ఏటికి వాడికే ఇస్తాను."

ఈరమ్మ ముళ్లు గలగలమన్నాయి. పిల్లలిద్దరూ ఆమె వెనక నక్కారు.

"ఏమ్మా ఈరమ్మా, సగానికే మంద కట్టించిన మాట నిజమేనా?" అడిగింది సింహాద్రమ్మ.

"నిజమే అవ్వా."

"మిగతా సగానికి కట్టించడానికి గింజలు లేవా?"

"ఉన్నాయి అవ్వా. కడుపు కట్టుకుంటే సరిపోయేవి."

"మరెందుకు కట్టించలేదు?"

ఈరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"మంద వచ్చిన రోజు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. వచ్చే ఏడు చేను నాకే ఉంచుతారా అని అడిగాను. చూద్దాంలే అన్నారు. ఉంచుతానంటే చేనంతా కట్టించేదాన్ని. ఉంచనంటే అసలు కట్టించేదాన్ని కాదు. ఆయన రెండూ అనలేదు. సగం మాట ఇచ్చారు. సగం చేనికి కట్టించాను."

వెనక నుంచి ఎవరో నవ్వబోయి, సింహాద్రమ్మ తల తిప్పి చూసేసరికి ఆగిపోయారు.

"ఇదేం ఎదురు మాట?" అన్నాడు భూషయ్య. "ఉగాదికి చెప్పడం ఆచారం. అయినా నేను చేను తీసేసుకున్నానా? ఉగాది నాడు నీకే ఇచ్చాను కదా?"

"ఇచ్చారయ్యా. మీ దయ. కానీ ఆ దయ ఉగాది నాటిది. మంద ఫాల్గుణంలో వెళ్లిపోయింది."

సింహాద్రమ్మ కాసేపు చెవులు ఊపింది. తర్వాత తొండం గోవిందు వైపు చాచింది.

"ఒరే గోవిందూ, ఈ చేను నీకు ఏడాదికి ఇచ్చారనుకో. ఆ ఎండిన సగానికి మంద కట్టిస్తావా?"

గోవిందు తడుముకోలేదు. వాడికి అబద్ధమాడే ఓపిక లేదు.

"ఏడాది కౌలుకి మంద కట్టించడానికి నాకేమైనా పిచ్చా అవ్వా? తూర్పు సగంలో ఇంకా బలం ఉంది, వాసన చూశాను. ఆ ఏడాదిలో పిండుకున్నంత పిండుకుంటాను. పన్నెండు గంపలు కొలిచేస్తాను. పై ఏడు ఇంకో చేను చూసుకుంటాను."

"అంత పచ్చిగా చెబుతావేంట్రా?" అన్నాడు భూషయ్య.

"అడిగారు కదా అయ్యగారూ, చెప్పాను. ఇది నా ఒక్కడి సంగతి కాదు. ఏడాది కౌలువాళ్లం అందరం చేసేది ఇదే. పైకి చెప్పం, అంతే."

అక్కడున్న కౌలుదార్లందరూ నేల చూపులు చూశారు. ఒక్కరూ కాదనలేదు.

"విన్నావు కదా భూషయ్యా" అంది సింహాద్రమ్మ. "పన్నెండు గంపలు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడో విన్నావు. నీ నేలలోంచి తీసి నీకే ఇస్తాడు. నువ్వు రెండు గంపలు ఎక్కువ వచ్చాయని సంబరపడతావు."

భూషయ్య మెల్లగా చేలోకి నడిచాడు. పడమటి సగంలో ముందుకాలు పెట్టి నొక్కాడు. గిట్ట టక్కుమని మోగింది, బండ మీద పెట్టినట్టు. నాలుగడుగులు వేసి తూర్పు సగంలో కాలు పెట్టాడు. గిట్ట మెత్తగా దిగింది. తీస్తే ఆ గుంతలో మట్టి తడిగా ఉంది, ఒక వానపాము మెలికలు తిరుగుతోంది. భూషయ్య తల వంచి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకి సిగ్గేసింది. కౌలు గింజలు కొలిపించుకోవడమే గానీ, ఆ నేల మీద కాలు పెట్టి చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

బయటికొచ్చి ఈరమ్మ ముందు నిలబడ్డాడు.

"మూడేళ్లు" అన్నాడు.

ఈరమ్మకి అర్థం కాలేదు. "ఏమిటయ్యా?"

"మంద బలం మూడేళ్లు ఉంటుందంటారు కదా. చేను మూడేళ్లు నీదే. మధ్యలో ఎవరెంత ఇస్తానన్నా నేను వినను. ఉగాదికి కాదు, ఇప్పుడే అంటున్నాను. ఇక్కడున్నవాళ్లందరూ సాక్షులు. కౌలు మాత్రం తగ్గించను, పది గంపలే."

"తగ్గించొద్దు. పెంచొద్దు" అంది ఈరమ్మ. ఎంతైనా ఆమె రైతు. అదును చూసి ఇంకో మాట కూడా అనేసింది. "నేల మీది, పంట నాది. మందకిచ్చే గింజల్లో మీరూ సగం వేస్తే బాగుంటుంది."

భూషయ్య నోటి దాకా ఏదో వచ్చింది. సింహాద్రమ్మ ఆయన వంకే చూస్తోంది. వచ్చిన మాట మింగేశాడు.

"వేస్తాను" అన్నాడు.

రచ్చ చెదిరింది. గోవిందుకి కోపం రాలేదు. ముట్టె గోక్కుంటూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంటి వైపు కాకుండా, తను చేస్తున్న చేని కామందు ఇంటి వైపు నడిచాడు. తనూ ఒక మాట అడగాల్సి ఉందన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఈరమ్మ రాళ్లు మోసుకుని చేలోకి వెళ్లింది. పడమటి గట్టుకి కింది మూల ఒక గండి ఉంది. నాలుగేళ్లుగా ప్రతి వానకీ నీళ్లు అందులోంచే వాగులోకి పోయేవి. నీళ్లతో పాటు మట్టి, మట్టితో పాటు గుహ నుంచి మోసుకొచ్చిన ఎరువు. ఈరమ్మ అది రోజూ చూసేది. రోజూ దాటుకుని పోయేది. పరాయివాళ్ల గట్టు మనకెందుకు అనుకునేది. ఇప్పుడు రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, కాళ్లతో తొక్కి గట్టి చేసింది. మొత్తం పనికి ఒక్క పూట పట్టింది. పని అయ్యాక ఆ గట్టు పక్కన కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది.

కూర్మయ్య అటుగా మెల్లగా వస్తూ ఆగాడు.

"ఎవరిది అమ్మాయ్ ఆ గట్టు, పొద్దున్నుంచీ అంత కష్టపడుతున్నావు?"

"నాదే బాబాయ్" అంది ఈరమ్మ. "మూడేళ్లు నాదే."

నీతి: రేపటి మాట ఇవ్వనివాడు, రేపటి కోసం ఎందుకు పెట్టలేదని అడగకూడదు.